వినపడకుండా ‘ఊ’ కొట్టడం ముందు మానండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 38 ఏళ్లు. ప్రభుత్వ రంగ బ్యాంకులో కౌంటర్ మీద పని. ఐదేళ్లుగా రెండు చెవులూ తగ్గుతూ వస్తున్నాయి. మొన్నటి పరీక్షలో కుడి చెవికి 52, ఎడమ చెవికి 58 డెసిబెల్స్ నష్టం అని వచ్చింది, అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు. నరం బలహీనత, మందులతో తిరిగి రాదు, ఇంకా తగ్గొచ్చు, వినికిడి మిషన్ పెట్టుకోండి అన్నారు డాక్టరు. మీరింకా పెట్టుకోలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల ఒక ఖాతాదారు చెప్పిన మొత్తం తప్పుగా విని గొడవైంది. రాత్రిళ్లు ఏడుపొస్తోంది. ఉద్యోగం మానేయాలా, మేనేజర్‌కి చెప్పాలా, మిషన్ పెడితే ఉన్న వినికిడి కూడా పోతుందంటున్నారు నిజమేనా అని అడిగారు. చివర్లో తొమ్మిదేళ్ల మీ పాప “నీకు చెప్పడం వేస్ట్ అమ్మా” అందని రాశారు. మిగతా ప్రశ్నలన్నిటికంటే ఆ వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను.

నా వయసు 57. 1993లో రెవెన్యూ శాఖలో టైపిస్టుగా చేరాను, ఇప్పుడు డిప్యూటీ తహసీల్దార్‌గా పని చేస్తున్నాను. నాకు 31వ ఏట మొదలైంది. ఇవాళ కుడి చెవి 76, ఎడమ చెవి 88. నేను డాక్టర్ని కాను. వినికిడి పోతూ ఉండగానే ఉద్యోగం చేసి, పిల్లని పెంచి, ఇన్నేళ్లు వచ్చినదాన్ని. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు మీరు అడగని విషయం ఒకటి చెప్తాను. మీరు ఊ కొడుతున్నారు కదా? ఎదుటివాళ్లు చెప్పింది సగమే అందినా, రెండోసారి అడిగితే విసుక్కుంటారని నవ్వి తల ఊపేస్తున్నారు కదా? రాయకపోయినా నాకు తెలుసు. మనందరం చేసేదే అది. నేను పదేళ్లు చేశాను. నా చెవుల వల్ల నాకు జరిగిన నష్టం కంటే ఆ ఊ కొట్టడం వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

నాకు మొదట తెలిసింది ఫోన్ దగ్గర. 1999లో మా ఆఫీసుకి ఒకటే ల్యాండ్‌లైన్. కుడిచేత్తో రాసుకుంటాను కాబట్టి రిసీవర్ ఎప్పుడూ ఎడమ చెవికే. ఒకరోజు ఆర్డీఓ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే అవతలి మనిషి బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది. లైన్ బాగాలేదనుకుని రిసీవర్ కుడి చెవికి మార్చాను. లైన్ బాగైపోయింది. ఆ క్షణంలో గుండె ఝల్లుమంది కానీ ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఇంట్లో కుక్కర్ విజిల్ వినపడటం తగ్గింది. మా అత్తగారు వంటింటి గుమ్మంలో కూర్చుని విజిల్స్ లెక్కపెట్టి చెప్పేవారు. ఆవిడ ఊరెళ్లినప్పుడల్లా పప్పు మాడేది. అప్పటికీ ఒప్పుకోలేదు. పని ఒత్తిడి, పరధ్యానం అని చెప్పుకున్నాను. 2002లో పరీక్ష చేయించుకున్నాను. 2004లో మిషన్ కొన్నాను. కొని, జడ వదులుగా వేసి దాని కింద దాచాను. ఎవరైనా చూస్తారేమోనని సగం రోజులు పర్సులోనే ఉంచేదాన్ని.

2009లో మా తహసీల్దారు సెలవులో ఉన్నప్పుడు జిల్లా కలెక్టర్ టెలీకాన్ఫరెన్స్‌లో నేను కూర్చోవాల్సి వచ్చింది. నీటి తీరువా వసూళ్ల నివేదిక ఏ తేదీలోగా పంపాలో చెప్పారు. నాకు పదిహేడు అని వినపడింది. ఆయన చెప్పింది పదమూడు. అనుమానం వచ్చింది. కానీ లైన్లో జిల్లా మొత్తం ఉంది. “సరే సార్” అన్నాను. మెమో వచ్చింది. దాంతోపాటు మా పై అధికారి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “వినపడకపోతే వినపడలేదని చెప్పొచ్చు కదమ్మా. నువ్వు సరే అన్నావు, నేను నమ్మాను.” అప్పుడు అర్థమైంది, నన్ను ఎవరూ చెవిటిదని అనుకోవడం లేదు. బాధ్యత లేనిదని, పొగరుబోతని, పిలిస్తే పలకదని అనుకుంటున్నారు. ఒక మాట పడకూడదని దాచి, దానికంటే పెద్ద మాటలు పడుతున్నాను.

మీ కౌంటర్ దగ్గర జరిగింది కూడా ఇదే అయి ఉంటుంది. ఆ ఖాతాదారు మీకు వినపడలేదని కోప్పడలేదు. విన్నట్టు తల ఊపి వేరే మొత్తం వేశారని కోప్పడ్డాడు.

అసలు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం తగ్గుతుంది. మనలాంటి నరం సమస్యలో సాధారణంగా ముందు సన్నని, కీచు శబ్దాలు పోతాయి. మాటలో అచ్చుల్లో బలం ఎక్కువ, అవి అందుతాయి. స, శ, త, ప, క లాంటి హల్లుల్లో బలం తక్కువ, అవి జారిపోతాయి. అంటే గొంతు వినపడుతుంది, మాట అర్థం కాదు. అందుకే ఇంట్లోవాళ్లు “కావాల్సినవి మాత్రం వినపడతాయి” అంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరు మాట్లాడితే వినపడి, ఫ్యాను తిరుగుతూ నలుగురు మాట్లాడితే ఏమీ అందకపోవడానికి ఇదే కారణం. నటన కాదు, అజాగ్రత్త కాదు. ఇంకో సంగతి, మనకి చిన్న శబ్దాలు అందవు కానీ పెద్ద శబ్దాలు మామూలువాళ్లకంటే ఎక్కువగా గుచ్చుకుంటాయి. గట్టిగా అరిస్తే మనకి చిరాకు పుట్టేది అందుకే. అరుపు వల్ల అచ్చులే పెద్దవవుతాయి, పోయిన హల్లు తిరిగి రాదు. దగ్గరికొచ్చి, ముఖం చూపిస్తూ, కాస్త నెమ్మదిగా మాట్లాడితే వస్తుంది. మీ ఆయనకి ఈ పేరా చూపించండి.

మనకి తెలియకుండానే పెదాలు చదవడం నేర్చుకుంటాం. అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా పాట, బాట, మాట అనండి. మూడూ ఒకేలా కనిపిస్తాయి. క, గ లాంటివి నోటి వెనక పలుకుతాయి కాబట్టి అసలు కనపడవు. మిగతాదంతా మెదడు సందర్భాన్ని బట్టి పూరిస్తుంది. రోజంతా ఖాళీలు పూరించే పరీక్ష రాసినట్టు. సాయంత్రానికి మీకు తల బరువెక్కి ఎవరి మీదైనా అరవాలనిపించడం వింతేమీ కాదు. 2020లో మాస్కులు వచ్చినప్పుడు నాకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. ఒక్క వారంలో ఆఫీసంతా మూగదైపోయినట్టనిపించింది. అంతకాలం నేను ఎంతగా కళ్లతో వింటున్నానో అప్పటిదాకా నాకే తెలియదు.

వైద్యం గురించి కొద్దిగానే చెప్తాను, మీరు ఇప్పటికే డాక్టరు దగ్గరికి వెళ్లారు కాబట్టి. నరం సమస్యేనా, మధ్య చెవిలో చిన్న ఎముక బిగుసుకోవడం లాంటిది కూడా ఉందా అని ఒకసారి స్పష్టంగా అడగండి. రెండోదానికి ఆపరేషన్ ఉంటుంది. ఏ మందు రాసినా “నాకు వినికిడి సమస్య ఉంది” అని ముందే చెప్పండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, కొన్ని క్యాన్సర్ మందులు చెవి నరాన్ని దెబ్బతీయగలవు. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకు రసాలు చెవిలో పోయనివ్వకండి, పెద్దవాళ్లు ఎంత ప్రేమగా చెప్పినా సరే. ఇక ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి, ఒక్కరోజులోనో రెండు మూడు రోజుల్లోనో బాగా తగ్గిపోతే అది అత్యవసరం. జలుబు అనుకుని వారం ఆగకండి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ చికిత్స మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఫలితం వచ్చే అవకాశం ఎక్కువ. నాకు ఎడమ చెవి అలా ఒకసారి పడిపోయింది. మార్చి నెలాఖరు పని అని పన్నెండు రోజులు ఆలస్యం చేశాను. ఆ తర్వాత ఎన్ని మందులు వాడినా అది తిరిగి రాలేదు.

ఇప్పుడు మిషన్ సంగతి. మిషన్ వల్ల ఉన్న వినికిడి పోదు. మీ పరీక్ష ప్రకారం సరిగ్గా సెట్ చేసిన మిషన్ చెవిని పాడుచేయదు. మిషన్ పెట్టుకున్నాక కూడా తగ్గడం కొనసాగితే, పెట్టుకోకపోయినా తగ్గేదే. జనం రెండిటినీ ముడిపెడతారు. కానీ ఆన్‌లైన్లో వెయ్యికీ రెండు వేలకీ దొరికే, అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే పరికరాలు కొనకండి. వినికిడి పరీక్ష చేసి మిషన్ సెట్ చేసే ఆడియాలజిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడంలో తప్పేం లేదు. రెండు చెవులకీ సమస్య ఉన్నప్పుడు వీలైతే రెండిటికీ పెట్టుకోండి. శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియాలంటే, గోలలో మాట విడదీయాలంటే రెండూ పని చేయాలి.

ధర వేల నుంచి లక్షల దాకా ఉంటుంది. ఖరీదైనది అంటే మీకు సరిపోయేది అని కాదు. కొనేముందు వారమో పది రోజులో ట్రయల్‌కి ఇమ్మని అడగండి. ఆ ట్రయల్ షాపులో ఏసీ గదిలో కాకుండా మీ కౌంటర్ దగ్గర, మీ వంటింట్లో, బస్సులో చేయండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పరీక్షలకీ, మిషన్ సెట్టింగుకీ, అమ్మే తొందర లేని సలహాకీ అలాంటి చోటు మంచిది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి వికలాంగులకి ఉపకరణాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద మిషన్లు కూడా అక్కడ ఇస్తారు. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి, లేకపోతే నిరాశపడి తీసి పారేస్తారు. కళ్లజోడు పెట్టగానే కనిపించినట్టు మిషన్ పెట్టగానే వినపడదు. మొదటి వారం ఫ్యాను రొద, కాగితం చప్పుడు, చీర కుచ్చిళ్ల చప్పుడు, నా గొంతు నాకే డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటం, అన్నీ మీద పడ్డాయి. ఏళ్ల తరబడి అందని శబ్దాలు ఒక్కసారిగా వస్తే ఏది పట్టించుకోవాలో ఏది వదిలేయాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదట ఇంట్లో రెండు గంటలు, తర్వాత నాలుగు, తర్వాత ఆఫీసుకి. మధ్యలో రెండు మూడుసార్లు వెళ్లి సెట్టింగు మార్పించుకోవాలి. “బాగాలేదు” అంటే వాళ్లకి ఏమీ తెలియదు. “గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోంది, కౌంటర్ దగ్గర ఆడవాళ్ల గొంతు అందడం లేదు” అని చెబితే తెలుస్తుంది. చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్లండి.

మన ఎండలకి చెమటే మిషన్‌కి పెద్ద శత్రువు. రాత్రి తుడిచి, బ్యాటరీ మూత తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. చార్జింగ్ మిషన్ అయితే డ్రై బాక్సు ఎలా వాడాలో కొన్నచోటే అడిగి తెలుసుకోండి. బ్యాటరీవి అయితే, గోధుమరంగు స్టిక్కర్ ఉన్న 312 అయినా నారింజరంగు 13 అయినా, ఒక అట్ట ఆఫీసు డ్రాయర్లో, ఒకటి పర్సులో, ఒకటి ఇంట్లో ఉండాలి. మీటింగు మధ్యలో బ్యాటరీ అయిపోతే పడే టెన్షన్ నాకు బాగా తెలుసు.

మేనేజర్‌కి చెప్పాలా అని అడిగారు. చెప్పండి. మళ్లీ ఇంకో గొడవ జరిగి సంజాయిషీ అడిగినప్పుడు కాదు, ఇప్పుడే, మామూలు రోజున. ఎలా చెబుతారన్నది ముఖ్యం. ఏడుస్తూ క్షమాపణలా చెప్పొద్దు. సమస్య, దానికి మీరు చేస్తున్నది, వాళ్లు చేయాల్సింది, మూడూ ఒకేసారి చెప్పండి. ఇలా అనొచ్చు: “సార్, నాకు రెండు చెవులూ కొంత తగ్గాయి. చికిత్సలో ఉన్నాను, మిషన్ పెట్టుకుంటున్నాను. ఎదురుగా ముఖం చూసి మాట్లాడితే నాకు బాగా అందుతుంది. వెనకనుంచి పిలిస్తే తెలియదు. మీటింగులో చెప్పిన తేదీలు, టార్గెట్లు తర్వాత వాట్సాప్‌లో ఒక్క లైన్ పెట్టించండి. నా కౌంటర్ సీటు కాస్త లోపలికి మార్చండి.” ఇంతే. అదే రోజు అదే విషయం మెయిల్‌లో కూడా పెట్టండి, రిపోర్టు జతచేసి. మేనేజర్లు మారతారు, మెయిల్ ఉంటుంది.

2010లో నేను స్టాఫ్ మీటింగులో లేచి చెప్పాను. ముందు రాత్రి నిద్ర లేదు. నాలుగు వాక్యాలే చెప్పి కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. మా అటెండరు మాత్రం ఆ మధ్యాహ్నమే నా బల్లని తలుపు దగ్గరనుంచి గోడ వారకి జరిపాడు, నేను అడగకుండానే. వెనక గోడ ఉంటే వెనకనుంచి ఎవరూ పిలవరు, వచ్చేవాళ్లంతా ఎదురుగానే కనిపిస్తారని అతనికి తోచింది. ఇన్నాళ్లూ చెప్పకుండా అలాంటి మనుషులకి నాకు సాయపడే అవకాశమే ఇవ్వలేదని బాధపడ్డాను. అందరూ అలా ఉండరు, అది కూడా చెప్పాలి. ఒకాయన నా వెనక నిలబడి మాట్లాడి నాకు వినపడుతోందో లేదో పరీక్షించేవాడు. ‘చెవిటి మాలోకం’ అన్న మాట నా చెవిన పడకపోయినా పెదాల మీద చదివాను. బాధ వేసింది. కానీ దాచిన రోజుల్లో పడిన బాధతో పోలిస్తే అది తక్కువే, ఎందుకంటే దాచిపెట్టాల్సింది ఇక ఏమీ లేదు.

కౌంటర్ పనిలో మీకు ఒక మంచి సౌలభ్యం ఉంది, కాగితం. స్లిప్పు ముందు తీసుకోండి, మాట తర్వాత. అంకెలు, అక్షరాలు చూసి “పదిహేను వేలు కదండీ” అని మీరే పైకి చెప్పి, వాళ్ల తల ఊపు చూసి వేయండి. స్లిప్పు లేని విషయమైతే చిన్న నోట్‌ప్యాడ్ ముందుకి జరిపి “ఇక్కడ రాస్తారా” అనండి. నేను అర్జీదారులతో సర్వే నంబర్లు, సెంట్లు ఇలాగే రాయిస్తాను. రాయడం రానివాళ్లయితే నేను రాసి పక్కవాళ్లతో చదివి వినిపిస్తాను. ఒక్కసారి కూడా ఎవరూ తప్పుపట్టలేదు. పైగా జాగ్రత్త మనిషి అన్నారు.

“ఏంటండీ?” అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకి వాళ్లు అదే వాక్యం అదే వేగంతో మళ్లీ అంటారు, అదే హల్లు మళ్లీ జారుతుంది. అందినంత చెప్పి అందనిదే అడగండి. “ఎఫ్‌డీ గురించి అన్నారు, కొత్తదా, రెన్యువలా?” అంటే జవాబు రెండింట్లో ఒకటే కాబట్టి తేలిగ్గా పట్టుకుంటారు. మీరు వినడం లేదన్న అపవాదు కూడా రాదు. నా ఉద్యోగాన్ని నిలబెట్టిన అలవాటు ఏదైనా ఉందంటే ఇదే.

వెలుతురు ఎదుటివాళ్ల ముఖం మీద పడేలా కూర్చోండి. కిటికీ వాళ్ల వెనక ఉంటే ముఖం చీకటై పెదాలు కనపడవు. నెత్తి మీద ఫ్యాను చప్పుడు చేస్తుంటే బాగుచేయించమని అడగండి. అద్దం అడ్డున్న కౌంటర్ కష్టం, చిన్న మైకు స్పీకరు సెట్టు పెట్టమని అడగొచ్చు. ఫోన్లు మీకు ఎక్కువగా వస్తుంటే సహోద్యోగితో పని మార్చుకోండి. మా ఆఫీసులో ఒకమ్మాయి నా ఫోన్లు ఎత్తేది, నేను ఆ అమ్మాయి మ్యుటేషన్ ఫైళ్లు రాసిపెట్టేదాన్ని. జాలి మీద నడిచే సాయం నాలుగు రోజులే ఉంటుంది, ఇచ్చిపుచ్చుకునేది ఏళ్లు ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని ఉచితంగా దొరుకుతుంది, మాటని తెరమీద తెలుగులో రాసి చూపిస్తుంది. తెలుగు ఇంగ్లీషు కలిపి మాట్లాడితే తడబడుతుంది, గోలలో తప్పులు రాస్తుంది. అయినా ఒక్కరితో మాట్లాడేటప్పుడు చాలా ఉపయోగం. ఖాతా వివరాలు చెప్పుకునే చోట మాత్రం వాడే ముందు మేనేజర్ అనుమతి తీసుకోండి.

ఉద్యోగం మానేయొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సంస్థలో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లని ఆ కారణంతో తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం, అదే సర్వీసు ప్రయోజనాలతో వేరే పనికి మార్చాలి. ప్రభుత్వ రంగ బ్యాంకులు కూడా దీని కిందికి వస్తాయి. పనికి అనుకూలంగా తగిన సర్దుబాట్లు చేయాలని కూడా అందులో ఉంది. అదే చట్టంలో రెండు చెవుల్లో మాట స్థాయిలో 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’, 70 అయితే ‘డెఫ్’ అని నిర్వచనం. మీ 52, 58 ఆ గీతకి ఇంకా ఇవతలే ఉన్నాయి. కాబట్టి ఇప్పుడే సర్టిఫికెట్ రాకపోవచ్చు, రాలేదని కుంగిపోవద్దు. అప్పటిదాకా మీ రిపోర్టులు తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి, ఏడాదికోసారి ఆడియోగ్రామ్, అంటే వినికిడి ఎంతుందో గీతగా చూపే పరీక్ష, తీయించండి. 60 దాటిన రోజున మీ రాష్ట్రంలో సదరం (వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు కోసం దరఖాస్తు చేయండి. అందులో 40 శాతం వైకల్యం అని వస్తే వికలాంగులకిచ్చే ప్రయోజనాలు మొదలవుతాయి. శబ్దం చెవి నుంచి మెదడుకి ఎలా చేరుతోందో చూసే బెరా అనే పరీక్ష కూడా చేస్తారు, నొప్పి ఉండదు, పడుకుంటే చాలు. నేను సర్టిఫికెట్ తీసుకోవడానికి చాలా సంకోచించాను, కోటా మనిషి అంటారని. తీసుకున్నాక తెలిసింది, బదిలీల కౌన్సెలింగ్‌లో ఆ కాగితం నన్ను నా డాక్టరున్న ఊరికి దగ్గరలో ఉంచగలిగిందని.

కౌంటర్ నుంచి లోపలి పనికి, లోన్ పత్రాలో క్లియరింగో చూసే సీటుకి మారడం ఓటమి అనుకోకండి. అడిగి మారండి. విసిగిపోయి వాళ్లే మార్చే దాకా ఆగొద్దు.

ఇక మనసు. అమ్మా, రాత్రిళ్లు ఏడుపొస్తోందని రాశారు. ఏడవండి. ఇది నిజమైన నష్టం. మనిషి పోతే పదకొండు రోజులు ఇల్లంతా కూర్చుని ఏడుస్తాం, పదిమంది వచ్చి పలకరిస్తారు. కోకిల గొంతు అందకుండా పోయిన రోజున ఎవరూ పలకరించరు. పైగా ఇది ఒక్కసారి పోయి ఆగదు. ప్రతి ఆడియోగ్రామ్‌కీ గీత ఇంకొంచెం కిందికి దిగుతుంది, ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి బాధ. సర్దుకున్నాను అనుకున్నాక కూడా మళ్లీ కుంగిపోతే, మీలో ధైర్యం లేదని అర్థం కాదు. కొత్త నష్టానికి కొత్త దుఃఖం. నేను ప్రతి పరీక్ష తర్వాత ఒక రోజు సెలవు పెడతాను. ఆ రోజు ఎవరికీ ధైర్యం చెప్పను, ఎవరితో చెప్పించుకోను. మర్నాడు ఆఫీసుకి వెళ్తాను.

ఆఫీసు నుంచి రాగానే ముప్పావు గంట మిషన్లు తీసేసి కూర్చుంటాను. ఇంట్లో అందరికీ తెలుసు, ఆ సమయంలో నాతో మాట్లాడరు. అలిగాను అనుకోరు. మెదడుకి ఆ విశ్రాంతి ఇవ్వకముందు రాత్రి ఎనిమిదయ్యేసరికి ప్రతి చిన్నదానికీ అరిచేదాన్ని. మీరు కూడా అడిగి తీసుకోండి ఆ సమయం. పెళ్లిళ్లకి వెళ్లడం మానేశానని రాశారు. పూర్తిగా మానొద్దు. డీజే మొదలవకముందు వెళ్లండి, భోజనాల దగ్గర మూలగా ఒకరిద్దరితో కూర్చోండి, అలసిపోగానే వచ్చేయండి. గంటసేపు ఇద్దరితో నిజంగా మాట్లాడితే చాలు. నాలుగు గంటలు నలభైమంది మధ్య నవ్వుముఖం పెట్టుకుని కూర్చుని ఇంటికొచ్చి ఏడ్చిన రోజులు నావి చాలా ఉన్నాయి.

చెవిలో హోరు మీకూ ఉందో లేదో రాయలేదు. ఉంటే రాత్రి పూట పూర్తి నిశ్శబ్దంలో పడుకోకండి, ఫ్యాను చప్పుడు లాంటిది ఏదైనా ఉండనివ్వండి, హోరు కాస్త వెనక్కి తగ్గుతుంది.

కానీ రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి పోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా, బతకడం దేనికి అనిపించినా దాన్ని చెవుల సమస్య కింద కలిపేయకండి. అది వేరే చికిత్స కావాల్సిన విషయం, చికిత్సకి లొంగే విషయం. నేను 2011లో ఏడు నెలలు మందులు వాడాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్లో మాట అందడం మనకి కష్టం కాబట్టి మీ ఆయన్నో అక్కనో పక్కన ఉంచుకుని చేయించండి, లేదా నేరుగా జిల్లా ఆసుపత్రి మానసిక విభాగం ఓపీకి వెళ్లండి. ఎదురుగా కూర్చుని మాట్లాడటమే మనకి నయం.

ఇంకా తగ్గితే ఏమవుతుంది అన్న భయం మీ ప్రశ్న అంతటా కనిపించింది. తగ్గితే ఎక్కువ శక్తి ఉన్న మిషన్ ఉంది. అది కూడా సరిపోని రోజు వస్తే, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. అది చిన్నపిల్లలకే అనుకుంటారు చాలామంది, పెద్దవాళ్లకీ చేస్తారు. నా ఎడమ చెవికి ఇప్పుడు ఆ పరీక్షలే జరుగుతున్నాయి. భయంగానే ఉంది, వెళ్తున్నాను.

పాప గురించి. “నీకు చెప్పడం వేస్ట్” అన్నది కోపం కాదు, రెండుసార్లు చెప్పి మీరు ఊ కొట్టి మర్చిపోయారు కాబట్టి వచ్చిన మాట. మా అమ్మాయి కూడా ఇంచుమించు అదే అంది, ఎనిమిదేళ్లప్పుడు. స్కూల్లో డాన్సుకి ఎంపికైందని చెబితే నేను నవ్వి “సరేలే, హోంవర్క్ చెయ్” అన్నానట. ఆ విషయం నాకు వాళ్ల టీచర్ చెబితే తెలిసింది. ఆ రాత్రి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెవి చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ మాట నాకు ముఖ్యం, కానీ నా చెవి సగమే తెస్తోంది, మిగతా సగం తెచ్చిపెట్టడంలో నువ్వు సాయం చెయ్యాలి అన్నాను. పిల్లలు మనకంటే తొందరగా అర్థం చేసుకుంటారు. వేరే గదిలోంచి పిలవకూడదు, ముందు భుజం మీద చెయ్యి వేయాలి, నేను కళ్లెత్తాక మాట్లాడాలి, మాట అందకపోతే అమ్మ “మళ్లీ చెప్పు” అంటుంది కానీ ఇక ఎప్పుడూ ఊ అనదు. ఇవీ మా ఇద్దరి ఒప్పందాలు. చివరిది నా వంతు. ఒకటి రెండుసార్లు తప్పాను, అది పట్టుకుంది.

ఆ పిల్లకి ఇప్పుడు 29. పుణెలో ఉద్యోగం. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఇప్పటికీ మాట్లాడే ముందు భుజం మీద చెయ్యి వేస్తుంది. ఆఫీసులో వాళ్ల మేనేజర్ భుజం మీద కూడా ఒకసారి పొరపాటున అలాగే వేసిందట.

మీరు ఈ వారం ట్రయల్‌కి తేదీ తీసుకోండి. మేనేజర్‌కి పంపే మెయిల్ రాసుకుని, పంపే ముందు కావాలంటే ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.